ఒక్క ఇంజను చాలుననే వాదం

వెబ్‌సైట్ల నిర్మాణం వృత్తిగా ఉన్నవారిలో కొన్నేళ్లుగా ఒక అభిప్రాయం దాదాపు ఎదురులేకుండా చెలామణి అవుతున్నది. బ్రౌజర్లన్నీ ఒకే ఇంజను మీద నడవడం అందరికీ మేలనీ, ఆ ఇంజను గూగుల్ పోషణలో ఉన్న క్రోమియం ప్రాజెక్టుది కావడంలో తప్పుపట్టవలసినదేమీ లేదనీ, ఇంకా విడిగా మిగిలిన సఫారీ, ఫైర్‌ఫాక్స్‌లు ఎంత త్వరగా దారికి వస్తే అంత మంచిదనీ ఆ అభిప్రాయ సారాంశం. క్రోమ్‌లో సరిగా కనిపించిన పేజీని పూర్తయిన పనిగా లెక్కవేసే అలవాటుకు ఈ అభిప్రాయమే అండ. అలవాటే ముందు పుట్టి, దానికి సమర్థనగా సిద్ధాంతం తర్వాత తయారైందని అనుమానించడానికి కూడా కారణాలు ఉన్నాయి.

ఇక్కడ ఇంజను అంటే బ్రౌజరు మొత్తం కాదు. చిరునామా పట్టీ, ట్యాబులు, బుక్‌మార్కులు పైపై తొడుగు మాత్రమే. సర్వరు పంపిన హెచ్‌టీఎంఎల్ పాఠాన్ని చదివి, ఏ అక్షరం ఎక్కడ ఎంత పరిమాణంలో ఉండాలో లెక్కగట్టి, జావాస్క్రిప్ట్ ఆదేశాలను అమలుచేసి, చివరకు తెర మీద పేజీని గీసే లోపలి యంత్రాంగాన్ని ఇంజను అంటారు. తొడుగులు ఎన్ని ఉన్నా ఇంజన్లు కొద్దే. ఒపెరా 2013లో తన సొంత ఇంజను ప్రెస్టోను వదిలేసింది. మైక్రోసాఫ్ట్ 2018 డిసెంబరులో తన సొంత ఇంజనుకు స్వస్తి చెబుతున్నట్టు ప్రకటించి, 2020 జనవరిలో క్రోమియం మీద కట్టిన ఎడ్జ్‌ను విడుదల చేసింది. బ్రేవ్, వివాల్డీ, శాంసంగ్ ఇంటర్నెట్ కూడా ఆ గూటివే. ప్రపంచంలో ఎక్కువమంది చేతిలో ఉన్నవాటిలో ఈ గూటికి బయట నిలిచిన ఇంజన్లు రెండే: సఫారీని నడిపే ఆపిల్ వారి వెబ్‌కిట్, ఫైర్‌ఫాక్స్‌ను నడిపే మొజిల్లా వారి గెకో.

ఏక ఇంజను వాదులు చెప్పే మాటలు వినడానికి సబబుగానే ఉంటాయి. ఒకే పేజీని మూడు ఇంజన్లలో పరీక్షించి, ఒక్కోదానిలో ఒక్కో లోపాన్ని సవరించడం వృథా శ్రమ అంటారు. క్రోమియం సోర్స్ కోడ్ ఎవరైనా చదవగలిగేలా, వాడుకోగలిగేలా బహిరంగంగా ఉన్నది గనుక ఇది పాత మైక్రోసాఫ్ట్ ఏకస్వామ్యం లాంటిది కాదంటారు. వెబ్ ప్రమాణాలను అందరికంటే ముందుగా, సమగ్రంగా అమలుచేస్తున్నది క్రోమే గనుక దానిని అనుసరించడమంటే ప్రమాణాన్ని అనుసరించడమేనంటారు. మూడింటిలో అన్నిటికంటే బలంగా కనిపించేదీ, నిజానికి అన్నిటికంటే డొల్లగా ఉన్నదీ ఈ చివరి మాటే గనుక పరిశీలన దానితో మొదలుకావాలి.

ప్రమాణం అంటే ఒక పత్రం; పరస్పర సంబంధం లేని ఇద్దరు నిర్మాతలు దానిని చదివి, విడివిడిగా నిర్మించి, ఒకే ఫలితాన్ని రాబట్టగలిగినప్పుడే ఆ పత్రం ప్రమాణమని రుజువవుతుంది. ఊరంతటికీ ఒకే దుకాణం ఉన్నచోట ఆ దుకాణదారు తక్కెడే శేరుకు నిర్వచనం అవుతుంది, అందులోని మొగ్గుతో సహా. ఇది ఊహాజనితమైన భయం కాదనడానికి వెబ్ ఎస్‌క్యూఎల్ ఉదంతం సాక్ష్యం. బ్రౌజరు లోపలే ఒక చిన్న డేటాబేసును ఉంచి, వెబ్‌పేజీలు అందులో సమాచారాన్ని దాచుకునే ఏర్పాటు అది. దానిని అమలుచేసిన బ్రౌజర్లన్నీ ఎస్‌క్యూలైట్ అనే ఒకే సాఫ్ట్‌వేరును తెచ్చి లోపల అమర్చుకోవడంతో, ప్రమాణపత్రంలో డేటాబేసు భాషను వివరించవలసిన చోట ఎస్‌క్యూలైట్ ఫలానా వెర్షన్ ఎలా చేస్తే అలా చేయాలని రాసి ఊరుకోవలసి వచ్చింది. వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యూ3సీ 2010 నవంబరులో ఆ పనిని ఆపేస్తూ, స్వతంత్ర అమలులు ఒకటికి మించి లేనందువల్ల ముందుకు సాగలేమని స్పష్టంగా కారణం చెప్పింది. ఎస్‌క్యూలైట్ చెడ్డ సాఫ్ట్‌వేరు కాదు, పైగా దాని సోర్స్ కోడ్ మీద ఎవరికీ హక్కులే లేనంత బహిరంగం. అయినా ఒక్కటే అమలు ఉన్నప్పుడు పత్రానికి, ప్రోగ్రాముకు తేడా మిగలదని, పత్రం ప్రోగ్రాముకు నీడగా మారుతుందని అప్పటి నిపుణులు గుర్తించారు. డేటాబేసు విషయంలో ఒప్పుకున్న సూత్రాన్ని మొత్తం బ్రౌజరు విషయంలో కాదనడానికి ఏక ఇంజను వాదులు ఇంతవరకు కారణం చూపలేదు.

నీడ నిజమైతే ఏమవుతుందో ఇంతకుముందొకసారి తెలిసింది. 2001 ఆగస్టులో వెలువడిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6, నూటికి దాదాపు తొంభై వాటాతో ఎదురులేని బ్రౌజరైన తర్వాత, తదుపరి వెర్షన్ కోసం లోకం 2006 అక్టోబరు దాకా ఎదురుచూసింది. ఆ ఐదేళ్లలో పారదర్శకమైన పీఎన్‌జీ చిత్రాలు బూడిదరంగు పెట్టెలో కనబడడం లాంటి లోపాలు చిరకాల సత్యాలుగా స్థిరపడ్డాయి. అప్పటి డెవలపర్లు ప్రమాణాన్ని నేర్చుకోవడం మాని ఆ బ్రౌజరు లోపాలను కంఠస్థం చేశారు. దక్షిణ కొరియాలో ఇది చట్టంతో ముడిపడింది: అక్కడి బ్యాంకింగు, డిజిటల్ సంతకాల వ్యవస్థ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రమే పనిచేసే యాక్టివ్ఎక్స్ అనే అనుబంధ సాంకేతికత మీద నిర్మాణమైపోవడంతో, లోకమంతా ఆ బ్రౌజరును వదిలిన తర్వాత కూడా ఏళ్ల తరబడి ఆ దేశం వదలలేకపోయింది. భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల అడుగున ఫలానా బ్రౌజరులో చూడవలెనన్న గమనికలు ఎంతకాలం కొనసాగాయో, వాటిలో దరఖాస్తులు నింపినవారికి వేరే చెప్పనక్కరలేదు.

తెలుగు పాఠకుడు ఈ చరిత్రలో ప్రేక్షకుడు కాదు, నష్టపోయినవాడు. యూనికోడ్ వాడుకలోకి రాకముందు ఈనాడు సహా ప్రధాన తెలుగు దినపత్రికల వెబ్‌సైట్లు తమ తమ సొంత ఫాంట్లతో, ఒకదానితో ఒకటి పొసగని సంకేతపద్ధతులలో వార్తలు ప్రచురించేవి. ఆ పద్ధతిలో రోమన్ అక్షరాల స్థానాలలో తెలుగు అక్షరాల ముక్కలను కూర్చడం వల్ల, ఫాంటు లేనిచోట పేజీ మొత్తం అర్థంలేని గుర్తులుగా కనిపించేది. సెర్చ్ ఇంజన్లకు అందులో తెలుగు ఉన్నట్టే తెలిసేది కాదు. పేజీతోపాటు ఫాంటును కూడా పంపే సౌకర్యం మైక్రోసాఫ్ట్ 1997లోనే కల్పించినా, దాని ఈఓటీ రూపం ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కే పరిమితమైంది. నూటికి తొంభైమంది వాడే బ్రౌజరులో కనిపిస్తున్నప్పుడు మిగిలిన పదిమంది గురించి ఎవరికీ తొందర లేకపోయింది. ఆ స్థితిలో మొజిల్లా బ్రౌజర్ల కోసం తయారైన పద్మ అనే ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజరుకు అదనపు శక్తినిచ్చే చిన్న ప్రోగ్రాము, పత్రికల ఫాంట్ల పాఠాన్ని చదువుతుండగానే యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపింది. అన్ని బ్రౌజర్లకూ సమ్మతమైన వోఫ్ అనే ఫాంటు రూపం ఫైర్‌ఫాక్స్ ద్వారా 2010లో మొదట జనంలోకి వచ్చి, 2012లో డబ్ల్యూ3సీ సిఫారసు స్థాయికి చేరింది. అధికసంఖ్యాకుల బ్రౌజరుకు అవసరమనిపించని పని అల్పసంఖ్యాకుల బ్రౌజరులో ఎందుకు జరిగిందన్నది ఆలోచించవలసిన విషయం. అక్కడ పరాయి పేజీలను చదవగలగడమే మనుగడ.

క్రోమియం బహిరంగమైనది గనుక పాత పోలిక చెల్లదన్న వాదానికి సమాధానం సులభం. కోడ్‌ను చదివే హక్కు వేరు, ఆ కోడ్ ఏ దిక్కుకు సాగాలో నిర్ణయించే హక్కు వేరు. 2024లో క్రోమియంలో చేరిన మార్పులలో నూటికి తొంభైకి పైగా తమవేనని గూగుల్ స్వయంగా ప్రకటించుకున్నది. నచ్చనివారు కోడ్‌ను చీల్చుకుని వేరుకాపురం పెట్టుకోవచ్చుననే వారు చరిత్రను ఉదాహరణగా చూపుతారు: కేడీఈ అనే స్వచ్ఛంద బృందం రాసిన కేహెచ్‌టీఎంఎల్ నుంచి ఆపిల్ వెబ్‌కిట్‌ను చీల్చింది, వెబ్‌కిట్ నుంచి గూగుల్ 2013లో బ్లింక్‌ను చీల్చింది. ఈ ఉదాహరణలు రుజువు చేసేది వారు అనుకున్నదానికి విరుద్ధమైన సంగతిని. చీల్చినవారు ఇద్దరూ పెద్ద కంపెనీలు. కోట్ల పంక్తుల కోడ్‌లో వారానికి వారం వచ్చే భద్రతా సవరణలను కలుపుకుంటూ, తమకు అక్కరలేని మార్పులను వేరుచేస్తూ పోవాలంటే వందలమంది ఇంజనీర్లు కావాలి. అంతటి మైక్రోసాఫ్టే సొంత ఇంజను భారం మోయలేనని దించుకున్నప్పుడు, చీల్చుకునే స్వేచ్ఛ ఎవరిదన్న ప్రశ్న మిగులుతుంది.

ఆ స్వేచ్ఛ ఎంత పలుచనో ప్రకటనల నిరోధకాల విషయంలో తేలింది. ఎక్స్‌టెన్షన్లకు సంబంధించిన మూడో మ్యానిఫెస్ట్ అనే కొత్త నిబంధనావళితో, పేజీ కోరే ప్రతి ఫైలునూ మధ్యలో ఆపి పరిశీలించి తిరస్కరించే శక్తిని క్రోమ్ ఎక్స్‌టెన్షన్ల నుంచి తొలగించింది. బదులుగా ముందుగా రాసిచ్చిన నియమాల జాబితాను బ్రౌజరే అమలుచేసే ఏర్పాటు చేసింది. భద్రత, వేగం దీనికి చెప్పిన కారణాలు, వాటిలో కొంత నిజం కూడా ఉన్నది. అయితే యూబ్లాక్ ఆరిజిన్ లాంటి సమర్థమైన నిరోధకం పాత రూపంలో పనిచేయకుండా పోవడం, ఆ మార్పు చేసిన కంపెనీకి ప్రధాన ఆదాయం ప్రకటనల నుంచే రావడం, ఈ రెండూ పక్కపక్కనే ఉన్న వాస్తవాలు. క్రోమియం మీద ఆధారపడిన చిన్న బ్రౌజర్లు పాత శక్తిని కొంతకాలం నిలుపుకోవడానికి అవస్థలు పడ్డాయి. ఫైర్‌ఫాక్స్ ఆ శక్తిని తీసివేయలేదు. తీసివేయనవసరం లేకపోవడానికి కారణం దాని ఔదార్యం కాదు, దాని ఇంజను దానిదే కావడం.

థర్డ్ పార్టీ కుకీల సంగతి ఇంకా విస్పష్టం. ఒక సైటును చూస్తున్నప్పుడు వేరొక సైటు వచ్చి పాఠకుడి బ్రౌజరులో వదిలిపోయే చిన్న గుర్తును థర్డ్ పార్టీ కుకీ అంటారు. మనిషి ఏ సైటు నుంచి ఏ సైటుకు వెళ్లాడో ప్రకటనల కంపెనీలు కనిపెట్టేది ప్రధానంగా దానితోనే. సఫారీ 2017 నుంచి దానిని కట్టడి చేస్తూ 2020 మార్చి నాటికి పూర్తిగా నిషేధించింది. ఫైర్‌ఫాక్స్ 2019లో, వాడుకరి అడగకుండానే, జాడతీసే కుకీలను అడ్డుకోవడం మొదలుపెట్టింది. గూగుల్ 2020 జనవరిలో రెండేళ్లలో తామూ తొలగిస్తామన్నది. గడువును పదేపదే వాయిదా వేసి, 2024 జూలైలో ఆ ఆలోచననే విరమించుకున్నది. నియంత్రణ సంస్థల అభ్యంతరాలు కూడా ఇందులో ఉన్నాయన్నది నిజమే. అయినా అలాంటి కుకీలు లేని వెబ్ సాధ్యమేనని లోకానికి తెలిసింది వేరే ఇంజన్లు దానిని చేసి చూపినందువల్ల. ఒక్క ఇంజనే ఉండి ఉంటే కుకీల తొలగింపు సాంకేతికంగా అసాధ్యమన్న మాటను ఖండించడానికి ఆధారమే ఉండేది కాదు. 2023లో గూగుల్ ఇంజనీర్లు ప్రతిపాదించిన వెబ్ ఎన్విరాన్‌మెంట్ ఇంటెగ్రిటీ పథకం, వాడుకరి యంత్రం నమ్మదగినదో కాదో మూడో పక్షం ధ్రువీకరించి సైటుకు చెప్పే ఏర్పాటు, మొజిల్లా తదితరుల తీవ్ర వ్యతిరేకత మధ్య అదే ఏడాది నవంబరులో ఆగిపోయింది. కాదనగల స్థానంలో ఎవరో ఒకరు ఉన్నారు గనుక ఆగింది.

డెవలపర్ల శ్రమ గురించిన ఫిర్యాదును మాత్రం తేలికగా కొట్టివేయరాదు. సఫారీ కొన్నేళ్లపాటు అనేక విషయాలలో వెనుకబడి ఉన్నది. దాని కొత్త వెర్షన్లు ఆపరేటింగ్ సిస్టంతో ముడిపడి ఉండడం వల్ల పాత ఫోనుల వారికి సవరణలు అందేవి కావు. దాని లోపాలను సవరించుకుంటూ రాత్రులు గడిపిన వారి కోపం న్యాయమైనదే. కానీ ఆ కోపం నుంచి తీసిన ముగింపు తప్పు. పేజీని అడ్డువరుసలు, నిలువువరుసలుగా పరచే సీఎస్ఎస్ గ్రిడ్ పద్ధతిని మొదట 2012లో తన బ్రౌజరులో పెట్టినది మైక్రోసాఫ్ట్. ఆ తొలి రూపాన్ని ప్రమాణ రచయితలు ఏళ్లపాటు మలిచారు. చివరకు 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్, క్రోమ్, సఫారీలు ఒకే నెలలో దానిని విడుదల చేశాయి. ఒక మూలకం లోపల ఏముందో చూసి దానికి రూపం ఇచ్చే హ్యాజ్ అనే సెలెక్టరును, అత్యంత నెమ్మదిగా నడుస్తుందని చాలాకాలం పక్కన పెట్టిన దానిని, 2022లో అందరికంటే ముందు తెచ్చినది వెనుకబడినదని పేరుపడిన సఫారీయే. ఇంటరాప్ పేరిట 2022 నుంచి ఏటా బ్రౌజరు కంపెనీలన్నీ కూర్చుని, ఏయే అంశాలలో తమ మధ్య తేడాలు తగ్గించాలో ఎంచుకుని, ఉమ్మడి పరీక్షలతో కొలుచుకుంటున్నాయి. డెవలపరు శ్రమ తగ్గించే మార్గం ఇదొకటి ఉండగా, ప్రత్యర్థుల నిర్మూలన ఒక్కటే మార్గమన్నట్టు మాట్లాడడం విచిత్రం.

ఏక ఇంజను లోకంలో వెబ్ అసెంబ్లీ పుట్టేది కాదన్నది ఈ వాదంలో తరచు మరుగున పడే అంశం. సీ, సీ ప్లస్ ప్లస్ లాంటి భాషలలో రాసిన బరువైన ప్రోగ్రాములను బ్రౌజరులో నడపడానికి గూగుల్ నేటివ్ క్లయింట్ అనే సాంకేతికతను నిర్మించి క్రోమ్‌లో పెట్టింది. మొజిల్లా దానిని స్వీకరించలేదు. క్రోమ్ లోపలి నిర్మాణంతో పెనవేసుకుపోయిన దానిని ఇతరులు అమలుచేయడం దుస్సాధ్యమని దాని అభ్యంతరం. ఊరికే కాదనక, 2013లో ఏఎస్ఎం డాట్ జేఎస్ పేరుతో, జావాస్క్రిప్ట్‌లోనే ఒక కట్టుదిట్టమైన భాగాన్ని ఎంచి, దానినే యంత్రవేగానికి దగ్గరగా నడిపి చూపింది. ఆ పోటీ నుంచి 2015లో, అదే పనికి ఉమ్మడి రూపమైన వెబ్ అసెంబ్లీ మీద నాలుగు బ్రౌజరు సంస్థల ఒడంబడిక కుదిరింది. 2017 చివరికి వెబ్ అసెంబ్లీ నాలుగింటిలోనూ పనిచేసింది. 2019 డిసెంబరులో డబ్ల్యూ3సీ సిఫారసు అయింది. గూగుల్ తన నేటివ్ క్లయింట్‌ను తానే విరమించుకున్నది. మొజిల్లాకు సొంత ఇంజను లేకపోయి ఉంటే దాని అభ్యంతరం ఒక ఈమెయిలుగా మిగిలి ఉండేది.

ఒకే కోడ్ మీద ఎక్కువ కళ్లు పడితే భద్రత పెరుగుతుందన్న మాటకు తెలుగు అక్షరమే ఒకసారి జవాబు చెప్పింది. 2018 ఫిబ్రవరిలో, జ్ఞా అన్న అక్షరం మధ్యలో కంటికి కనిపించని ఒక యూనికోడ్ సంకేతం చేరిన రూపం సందేశంగా వస్తే ఐఫోనులో ఆ అప్లికేషను కూలిపోయేది, తిరిగి తెరవబోతే మళ్లీ కూలేది. సందేశాల అప్లికేషను, మెయిల్, వాట్సాప్ అన్న తేడా లేకుండా జరగడానికి కారణం, అక్షరాలను తెర మీద కూర్చే పనిని అవన్నీ ఆపిల్ వారి ఒకే లైబ్రరీకి అప్పగించి ఉండడం. అదే సందేశం ఆండ్రాయిడ్ ఫోనులో మామూలు అక్షరంగా కనిపించింది, ఎందుకంటే అక్కడి కోడ్ వేరు. ఆపిల్ ఆ నెలలోనే సవరణ విడుదల చేసింది. సంయుక్తాక్షరాల నిర్మాణం తెలియనివారు రాసిన కోడ్ ఒక్కటే దిక్కైతే, దానిలోని పొరపాటుకు అన్ని కిటికీలూ ఒకేసారి మూతపడతాయి.

ఈ వాదనను ఆపిల్‌కు సమర్థనగా చదవడం తప్పు. ఐఫోనులో ఏ బ్రౌజరు పేరు పెట్టుకున్నా లోపల వెబ్‌కిట్టే ఉండాలన్న నిబంధన, క్రోమియం ఏకస్వామ్యానికి తమ్ముడు. యూరోపియన్ యూనియన్ చట్టం ఒత్తిడి మీద 2024 మార్చిలో ఆ ప్రాంతంలో దానిని సడలించారు. క్రోమియం విస్తరణకు నేడు ఉన్న అతిపెద్ద ఆటంకం ఈ నిర్బంధమే కావడం వెబ్ దుస్థితికి గుర్తు. మొజిల్లా పరిస్థితి మరీ ఇబ్బందికరం: దాని ఆదాయంలో సింహభాగం, గూగుల్‌ను డిఫాల్టు సెర్చ్ ఇంజనుగా ఉంచినందుకు గూగుల్ చెల్లించే సొమ్ము. అలాంటి డిఫాల్టు స్థానాల కోసం గూగుల్ 2021లో 2,600 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుచేసినట్టు అమెరికా కోర్టు విచారణలో బయటపడింది. ఆ కేసులోనే న్యాయమూర్తి అమిత్ మెహతా 2024 ఆగస్టులో గూగుల్ సెర్చ్ రంగంలో చట్టవిరుద్ధంగా ఏకస్వామ్యాన్ని నిలుపుకున్నదని తీర్పుచెప్పారు. క్రోమ్‌ను అమ్మివేయాలన్న ప్రభుత్వ కోరికను 2025 సెప్టెంబరులో ఆయనే తిరస్కరించారు. బ్రౌజర్ల మధ్య పోటీ నాణ్యత మీద నడుస్తున్నదనీ, మెరుగైనది గెలిచిందనీ చెప్పేవారు ఈ అంకెలను ఎలా జమకట్టుకుంటారో వారే చెప్పాలి.

చివరికి మిగిలేది నిస్సహాయతా వాదం: వెబ్ ఇప్పుడు ఎంత విస్తృతమైనదంటే కొత్తగా ఇంజను రాయడం మనుషులకు సాధ్యం కాదు, ఉన్నదానితో సర్దుకోవాలి అని. సెరినిటీఓఎస్ అనే అభిరుచి ప్రాజెక్టు నుంచి పుట్టి, 2024లో లాభాపేక్ష లేని సంస్థగా ఏర్పడిన లేడీబర్డ్, కొద్దిమంది ఇంజనీర్లతో, ఎవరి ఇంజను కోడ్‌నూ అరువు తెచ్చుకోకుండా నిజమైన వెబ్‌సైట్లను చూపగల స్థితికి చేరింది. మొజిల్లాలో మొదలై 2020లో లైనక్స్ ఫౌండేషన్‌కు చేరిన సర్వో ఇంజను పని సాగుతున్నది. ఇవి క్రోమ్‌కు పోటీ కావడానికి చాలా దూరం ఉన్నది. అయితే ఇవి అసలు ఎలా సాధ్యమయ్యాయన్నది గమనించాలి. ఒకప్పుడు తప్పులతడకగా రాసిన హెచ్‌టీఎంఎల్‌ను ఎలా చదవాలో ఏ పత్రమూ చెప్పేది కాదు. ఇతర బ్రౌజర్ల వారు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ప్రవర్తనను గమనించి ఊహించుకోవలసి వచ్చేది. 2004లో ఆపిల్, మొజిల్లా, ఒపెరాలకు చెందినవారు కలిసి స్థాపించిన వాట్‌డబ్ల్యూజీ అనే కూటమి, తమ ఇంజన్లు ఒకదానితో ఒకటి ఏకీభవించడం కోసం, తప్పు పాఠాన్ని కూడా అక్షరం అక్షరం ఎలా చదవాలో దశలవారీగా రాసిపెట్టింది. ఆ పత్రాలతోపాటు పెరిగిన ఉమ్మడి పరీక్షల భాండారం కూడా వేర్వేరు ఇంజన్ల మధ్య తగవులు తీర్చడానికి పుట్టినదే. లేడీబర్డ్ రచయితలు పక్కన పెట్టుకుని పనిచేస్తున్నవి ఆ పత్రాలూ, ఆ పరీక్షలూ.